కాగితం బొంత

తొమ్మిదో భాగం

పోయిన వారం మనం ప్రేమకుమారిని గిద్దలూరు స్టేషన్ రోడ్డులోని ఆమె కలర్ జిరాక్స్ దుకాణంలో వదిలి వచ్చాం. కౌంటరు అవతల మోహన్‌కృష్ణ నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక ముసలామె. అతని చంకలో తెల్లపంచెలో కట్టిన పెద్ద మూట.

మోహన్‌కృష్ణ ఎవరో గుర్తులేని వాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. త్రిపురాంతకం పక్క పల్లెలో పేరున్న రైతు కుటుంబం వాళ్లది. అతని చెల్లెలు లక్ష్మీప్రియ అర్ధవీడు నుంచి వచ్చిన కూలీల బిడ్డ శ్యాంసన్‌ని పెళ్లి చేసుకుంది. పోలీస్ స్టేషన్లో అందరినీ కూర్చోబెట్టి, పిల్లల జోలికి పోబోమని సంతకాలు పెట్టించారు. ఆ సంతకాల తడి ఆరకముందే దోర్నాల రోడ్డు మీద నంబరు లేని ట్రాక్టరొకటి శ్యాంసన్ బండిని కాలవలోకి నెట్టింది. భుజం విరిగినా ప్రాణం దక్కింది. శ్యాంసన్ తల్లి మేరీ, ప్రేమకుమారి చిన్నప్పుడు అర్ధవీడు బడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు. ఆ సంగతి ఇప్పుడు వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందుకే ఆ జంటకు ఈ దుకాణం వెనక గదే దిక్కయింది. భుజం అతుక్కున్నాక శ్యాంసన్ నంద్యాలలో టైల్స్ పనికి కుదిరి, వారానికొకసారి రైలెక్కి వస్తున్నాడు. ప్రియ ఆ గదిలో కూర్చుని ప్రేమకుమారి బొమ్మలకు కాగితాలు కత్తిరిస్తోంది.

ఇప్పుడూ అక్కడే ఉంది. అన్నకూ చెల్లెలికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ అడ్డుగోడ, దాని గుమ్మానికి తెరగా కట్టిన పాత చీర.

"ఈ కాగితం బొంత నువ్వు చేసిందేనా అక్కా?" అని మోహన్‌కృష్ణ రెండోసారి అడిగాడు.

గొంతులో కోపం లేదు. తన ఎరువుల దుకాణానికి వచ్చిన రైతుతో మాట్లాడినట్టు నెమ్మదిగా, మర్యాదగా అడిగాడు. అరిచి ఉంటే ప్రేమకుమారికి కొంత ధైర్యం వచ్చేదేమో. పక్క దుకాణాల వాళ్లు పోగయ్యేవాళ్లు. ఇట్లా మెల్లగా మాట్లాడే మనిషి ముందు ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. అవునన్నట్టు తల ఊపింది.

అదే క్షణంలో తెర వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా ఆ చప్పుడు వినిపిస్తున్నదని కూడా ఆమెకు తెలియదు. ఆగాక తెలిసింది. అతనికి కూడా తెలిసి ఉంటుందా?

గోడ మీద, దుకాణం పొడవునా, ఆ బొంత వేలాడుతోంది. తాకి చూస్తే తప్ప కాగితమని నమ్మడం కష్టం. ఎవరింట్లోనైనా నేతచీర ముక్కో, చినిగిన తువ్వాలో, పసిపిల్లవాడి చొక్కా చెయ్యో ఉంటే తెచ్చి మిషన్ అద్దం మీద పరచమనేది ప్రేమకుమారి. మూత దించి, రెట్టింపు సైజు పెట్టి మీట నొక్కితే వెలుగు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. గుడ్డలో కంటికి ఆనని పోగులు కాగితం మీద తాళ్లంత లావున తేలేవి. చెమట మరకలూ, చిరుగులూ, మాసికలూ అన్నీ వచ్చేవి. గుడ్డ ఎవరిది వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. ఆ కాగితాలను కత్తిరించి, మైదా బంకతో పాత దుప్పటి మీద ఒకదాని అంచు మీద ఒకటి అతికిస్తూ పోయింది ఆమె. జిరాక్స్ మిషన్‌తో బొమ్మలేమిటని నవ్వినవాళ్లే తర్వాత తమ గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. కాలేజీ వార్షికోత్సవంలో హాలు గోడకు కట్టినప్పుడు ఒక ఆడపిల్ల దాని మీదుగా ఫోను జరుపుతూ రీల్ తీసి, మా గిద్దలూరు జిరాక్స్ ఆంటీ బొంత అని పేరు పెట్టింది.

ఆ రీల్ తన భార్య ఫోనుకు చేరిందని మోహన్‌కృష్ణే చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ, పాపం సంబరంగానే చూపించిందట, ఇదిగో మన అవ్వ కుట్టు గిద్దలూరు పోయింది అని. అతను కంచంలో చెయ్యి కడిగేసి లేచాడట.

చెబుతూనే నడిచి వెళ్లి బొంత కుడి పక్కన, కింది వరసలో ఒక ముక్క మీద వేలు పెట్టాడు. వెతకలేదు. అంతకుముందే చాలాసార్లు ఫోనులో చూసి ఉన్నాడు.

పసుపుపచ్చ చీర మీద ముదురు ఎరుపు చార. మూల దగ్గర ఎర్రదారంతో వేసిన కోడికాలు కుట్టు. పల్లెల్లో బొంత పూర్తయ్యాక నాలుగు మూలలా దారం ఊడిపోకుండా అలా కోడి పాదంలా వేసి ముడివేస్తారు. ఇల్లు విడిచే రోజు ప్రియ, పుట్టినప్పటి నుంచీ తాను కప్పుకున్న బొంత మూల ఒకటి బ్లేడుతో కోసి జాకెట్లో పెట్టుకుంది. ఇంటి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే. అందరి గుడ్డల మధ్య మా ఇంటిది కూడా ఉండనీ పెద్దమ్మా అని అడిగితే ప్రేమకుమారి కాదనలేకపోయింది. ఒక గుడ్డ మూలను ఎవరు పోలుస్తారు అనుకుంది. పల్లెలో ఆడవాళ్లకు ఒకరి చేతికుట్టు ఒకరికి మనిషి నడక తెలిసినట్టు తెలుస్తుందన్నది ఆమె మరచిపోయింది. ఆమె ఇంట్లో బొంతలు కుట్టిన చేతులు పోయి చాలా కాలమైంది. దుకాణంలో దుప్పట్లు కొనుక్కునే మనిషి చేసే పొరపాటు అది.

"ఇది ఎవరు తెచ్చినారక్కా?"

ఎవరెవరో తెస్తారని, పేర్లు అడగనని, సంత రోజు వచ్చిన వాళ్లలో ఎవరిదో అయి ఉంటుందని ప్రేమకుమారి చెప్పింది. చెప్పేటప్పుడు తన గొంతు తనకే పక్క వీధి నుంచి వినిపించినట్టయింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, గొడవ పడటానికి రాలేదన్నాడు. గొడవకు వచ్చేవాడు ఇంట్లో ముసలిదాన్ని తోడు తెచ్చుకుంటాడా అని చిన్నగా నవ్వాడు.

ముసలామె పేరు వెంకటసుబ్బులమ్మ. అన్నాచెల్లెళ్ల నాయనమ్మ. వాళ్లు అవ్వా అని పిలుస్తారు. మనిషి సన్నగా, వంగిపోయి, చెవులకు బరువైన కమ్మలతో ఉంది. ఎవరూ కూర్చోమనకముందే గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీని ఆమే జరుపుకుని, సరిగ్గా తెర పక్కనే కూర్చుంది. చెయ్యి చాపితే తెర అందుతుంది. ప్రేమకుమారికి అప్పుడు గుర్తొచ్చింది: తెర ముందర నేల మీద ప్రియ చెప్పులు విడిచి ఉంటాయి. పొద్దున తానే చూసింది. తల కదపకుండా, చూపుతోనే నేలంతా వెతికింది. చెప్పులు కనపడలేదు. పిల్ల లోపలికి తీసుకుందా? ఎప్పుడు తీసుకుంది? లేక ఇతను వచ్చీ రాగానే చూసి, చూడనట్టున్నాడా?

మోహన్‌కృష్ణ మూట విప్పాడు.

బొంత కౌంటరు మీద పరుచుకుంది. ఎండలో ఆరేసి పెట్టెలో దాచిన పాత నూలు వాసన, దానితో పాటు వేపాకు వాసన దుకాణమంతా నిండింది. అడ్డుగోడకు పైన సందు ఉంది. ఆ వాసన వెనక గదిలోకి కూడా పోతుంది. పుట్టిన నాటి నుంచీ ఆ వాసనలో పడుకున్న పిల్ల ఇప్పుడు దాన్ని పీలుస్తూ చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. దేవా, దాని నోరు నువ్వే కట్టు అని ప్రేమకుమారి లోలోపల అనుకుంది.

బొంతకు మూడు మూలలే ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట బ్లేడు కోత తిన్నగా, కొత్తగా ఉంది.

కోసిన అంచును గోడ మీది కాగితంతో కలిపి చూద్దామని అతని ఆలోచన. కానీ అతికించే ముందు ప్రతి కాగితం అంచులూ వేలెడు మేర కత్తిరించి తీసేయడం ప్రేమకుమారి అలవాటు. అంచులు నలుపెక్కి ఉంటాయని అలా చేసేది. కోత గుర్తు కాగితం మీద లేదు. అది చూసి అతను మళ్లీ తమ బొంత వైపు తిరిగాడు.

"అయితే ఈ మూల పెట్టి తియ్యక్కా," అన్నాడు, మిగిలిన మూడింటిలో ఒకటి చూపించి. "అంతే సైజు. పక్కపక్కన పెట్టి చూస్తాం. తర్వాత నీ దుకాణం గడప తొక్కను."

కాదనడానికి కారణం లేదు. డబ్బులిచ్చి జిరాక్స్ తియ్యమంటే తియ్యనన్న దుకాణం ఎక్కడుంటుంది? కాదంటే అదే జవాబవుతుంది.

మిషన్ చల్లారి ఉంది. వేడెక్కడానికి టైం పడుతుందని చెప్పి, ఆ వంకన అతనికి వీపు పెట్టి నిలబడింది. రంగులు సర్దే మీటలు ఎక్కడున్నాయో ఆమె వేళ్లకు చూడకుండా తెలుసు. పసుపు తగ్గించింది. ఎరుపు తగ్గించింది. నలుపు ఒక మెట్టు పెంచింది. భర్త వరప్రసాదం ఈ మిషన్ కొన్నప్పుడు, ఇది ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది కుమారీ, మన కళ్లకన్నా నయం అని మురిసిపోయాడు. ఈరోజు దాని చేత ఆమె అబద్ధం చెప్పిస్తోంది.

"లోపల ఎవురన్నా ఉండారా?" అని వెనక నుంచి అడిగాడు అతను.

"ఎవరూ లేరే. సరుకు, కాగితాలు."

"ఫ్యాను తిరుగుతావుంది."

తెర కింది అంచు నిజంగానే లేచి పడుతోంది. టేబుల్ ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా తెర గాలి పీల్చుకుని వదులుతోంది. ప్రేమకుమారి వెనక్కి తిరగలేదు. రంగుపొడి ఎండాకాలం గడ్డకడుతుందని, డబ్బాల కోసం ఫ్యాను వేసి ఉంచుతానని చెప్పింది. నోటికి ఆ మాట ఎట్లా అందిందో ఆమెకే తెలియదు. తన ఎరువుల దుకాణంలో కూడా చిన్న నలుపు తెలుపు మిషన్ ఒకటి ఉందని, దాని పొడి కూడా అట్లే గడ్డకడుతుందని అతనన్నాడు. నమ్మినట్టే ఉంది. నమ్మిన మనిషి తెర వైపు అంతసేపు చూస్తాడా?

ఆ చూపుకు అడ్డం వచ్చింది అవ్వే. మంచినీళ్లు కావాలని అడిగింది. అతను వెంటనే తన సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, ఆమె తాగినంతసేపూ గడ్డం కింద చెయ్యి పట్టాడు. నీళ్లు చీర మీద పడకుండా. చాలా ప్రేమగల మనవడు. అది చూస్తుంటే ప్రేమకుమారికి ఇంకా భయమేసింది.

పచ్చదీపం వెలిగింది. బొంత మూలను అద్దం మీద పెట్టింది. ఇంత మందాన మూత సరిగా మూసుకోదు. అతనే వచ్చి రెండు చేతులతో మూతను నొక్కి పట్టాడు. వెలుగు మూత సందులోంచి అతని ముఖం మీద పాకింది. ఆ వెలుగులో ఒక్క క్షణం అతను అచ్చం ప్రియలా కనిపించాడు. అదే ముక్కు. అదే పై పెదవి.

కాగితం బయటికి వచ్చింది. రంగులు మాడినట్టు, మట్టికొట్టుకుపోయినట్టు ఉన్నాయి. ఎర్రదారం కాఫీ పొడి రంగులో తేలింది. గోడ మీది ముక్కలో అది కుంకుమలా ఉంది. రెండూ ఒక ఇంటివని ఎవరూ అనరు.

మోహన్‌కృష్ణ కాగితాన్ని గోడ మీది ముక్క పక్కన ఆనించి పట్టుకున్నాడు. దారం రంగు కలవలేదని ప్రేమకుమారి అంది. గుడ్డలు పాతబడినకొద్దీ ఒక్కోటి ఒక్కోలా వస్తుందని కూడా అంది. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

అతను ఆమె వైపు చూడకుండానే జవాబిచ్చాడు. "రంగంటే మిషన్ ఇష్టమక్కా. కుట్టు దాని ఇష్టం కాదు గదా."

"మూడు వేళ్ల కోడికాలు ఈ పక్క శానామంది ఏస్తారు," అన్నాడు అతను, కాగితం మీద వేలితో గీస్తూ. "ముందుకు మూడు. అంతే. కోడికి ఎనకేలు గూడా ఉంటాది గదా అని అది గూడా ఏసేది మా అవ్వొక్కతే. ఇదిగో ఎనకేలు. ఇదిగో, నీ గోడ మీద గూడా ఎనకేలు."

రెట్టింపు సైజులో ఆ వెనక వేలు చిటికెన వేలంత కనిపిస్తోంది. చిన్నగా, ఎడమకు వంగి. రెండింటిలోనూ ఎడమకే. గుడ్డ మీద చూస్తే ఎవరూ పట్టించుకోని వంపు అది. ప్రేమకుమారి పెద్దది చేసి, గోడకెక్కించి, ఊరందరికీ చూపించింది.

"అవ్వా, నువ్వు రా. నువ్వే చెప్పు."

వెంకటసుబ్బులమ్మ వెంటనే లేవలేదు. కూర్చున్న చోటి నుంచే కాగితం ఇమ్మంది. అతను తెచ్చి ఇచ్చాడు. గోడ మీది ముక్కను కూడా దగ్గరగా చూడాలని అడిగితే, బొంత కింది అంచు పట్టుకుని ఆమె ఒళ్లోకి వంచాడు. కాగితాలు చిటపటలాడాయి. ఎక్కడో బంక ఊడింది. ముసలామె రెండింటి మీదా బొటనవేలితో మెల్లగా రాసింది, గుడ్డ మీద కుట్టు ఉబ్బు తెలుస్తుందేమో చూసినట్టు. కాగితం నున్నగా ఉండేసరికి వేలు జారింది. మళ్లీ రాసింది.

ఆ దుకాణంలో నలుగురున్నారు. ముగ్గురికి నిజం తెలుసు. నాలుగో మనిషికి తెలియాలా వద్దా అన్నది ఆ బొటనవేలి కింద ఉంది. తెర వెనక కత్తెర చేతిలో పట్టుకుని ఒక ఆడపిల్ల తన అవ్వ ఊపిరి చప్పుడు వింటోంది. మధ్యలో ఉన్నది చీర అంత మందం. అవ్వ అవునంటే ఏం జరుగుతుందో ప్రేమకుమారి ఊహించబోయింది. కాలవలో పడిన బండి గుర్తొచ్చి అక్కడితో ఆపేసింది.

"ఇది నా చెయ్యి గాదు," అంది అవ్వ.

"సరిగా సూడవ్వా. ఎనకేలు సూడు."

"సూసినాలేరా. ఎనకేలు నేనేమన్నా కనిపెట్టినానా? మా పుట్టింట్లో మా యమ్మ ఏసేది, మా పెద్దమ్మ ఏసేది. ఆ పక్క ఇంకా ఎంతమంది ఏస్తావుండారో." కాగితాన్ని అతని చేతికిచ్చేసింది. "నేను పోగు ఇంత బిగించను. నాది కాదు. ఎవుర్దో గాని, సక్కటి చెయ్యి."

మోహన్‌కృష్ణ ఆమెను చూశాడు. ఆమె తన కమ్మలు సర్దుకుంటోంది. అతను ఇంకేదో అడుగుతాడని ప్రేమకుమారి ఎదురుచూసింది. అడగలేదు. సరేలే అవ్వా అన్నాడు. గోడ మీది బొంతను జాగ్రత్తగా వదిలి, ఊడిన కాగితాన్ని అరచేత్తో అద్ది, కౌంటరు దగ్గరికి వచ్చి తమ బొంతను మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు మడిచినట్టు, మూలకు మూల కలిపి. కోసేసిన మూల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

మడుస్తూనే, ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోవద్దన్నాడు. తర్వాత, పెద్ద విషయమేమీ కానట్టు, ఇంకొక మాట అన్నాడు.

"చెల్లెలు దొరికితే ఇంటికి పిలిపించి ఒక్కపూట అన్నం పెట్టాలని మా అవ్వ ఆశ అక్కా. మా చిన్నాయనోళ్ల ఆశ వేరే. ఎవురికి ముందు దొరుకుతాదో."

నీ ఆశ ఏమిటని అడగాలనిపించింది ప్రేమకుమారికి.

అవ్వ లేవడానికి కౌంటరు పట్టుకుంది. లేచి ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె చీర కుచ్చిళ్లు జరిగిన చోట, కుర్చీ ముందు నేల మీద, ప్రియ చెప్పులు బయటపడ్డాయి. నీలం పట్టీలవి. వాటి మీద అంతసేపూ ముసలామె పాదాలు ఆనించి కూర్చున్న వేడి ఇంకా ఉండి ఉంటుంది.

మోహన్‌కృష్ణ తల వంచుకుని మూట ముడి వేస్తున్నాడు. ప్రేమకుమారి ఒక్క అడుగులో వెళ్లి, కుర్చీ సర్దుతున్నట్టు వంగి, చెప్పుల్ని కాలితో తెర కిందికి నెట్టింది. లోపలి నుంచి ఒక చెయ్యి వాటిని అందుకుంది. తల ఎత్తేసరికి అవ్వ ఆమెనే చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు. చెమట పట్టిందని అన్నట్టు, తన కొంగుతో ప్రేమకుమారి నుదురు ఒకసారి ఒత్తి, "పోయొస్తామ్మా," అని మనవడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ప్రేమకుమారి షట్టరు సగానికి దించి, తెర తీసింది.

ప్రియ నేల మీద, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చెప్పులు పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నోట్లో కుక్కుకున్న ఓణీ చివర ఇంకా పళ్ల మధ్యే ఉంది. ప్రేమకుమారి పక్కన కూలబడి దాన్ని మెల్లగా బయటికి లాగింది. నీళ్లు తాగించింది. వెళ్లిపోయారని, మీ అవ్వ బంగారమని, అంత ముసలిది కళ్లార్పకుండా ఎట్లా అబద్ధమాడిందో చూశావా అని, గబగబా చెప్పుకుపోయింది. ఆ చెప్పుల సంగతి కూడా చెప్పింది. గండం గడిచిందని కూడా అనేసింది.

ప్రియ తల అడ్డంగా ఊపింది.

"గడవలేదు పెద్దమ్మా. అవ్వ ఏమన్నదో ఇన్నావా? సక్కటి చెయ్యి అన్నది."

"అంటే ఏమైంది?"

"మా అవ్వ పుట్టినకాడి నుంచీ ఎవురి కుట్టూ బాగుందని అన్లేదు. మా యమ్మ కుట్టిన బొంతను కోతులు పీకినట్టుందని అరుగు మీద కూర్చోని ఊరందరికీ చెప్పేది. మా వదిన కుడితే విప్పదీసి మళ్లా కుట్టేది. ఇంకొకరి చెయ్యి సక్కగుందని అవ్వ నోట్లో నుంచి వచ్చిందంటే, అది తన చెయ్యే అయ్యుండాల…" ప్రియ ఆగి, పెదవులు తడుపుకుంది. "నాకు తెలిసినప్పుడు మా అన్నకు తెలీదా? ఇద్దరం ఆ బొంతలోనే గదా పడుకునింది."

ప్రేమకుమారి ఆ మాటను లోపల ఒకసారి తిప్పుకుంది. సరేలే అవ్వా అన్న అతని గొంతు గుర్తొచ్చింది. కోసేసిన మూల దగ్గర ఆగిన అతని చెయ్యి గుర్తొచ్చింది. ముసలామె అబద్ధమంతా బాగానే ఆడింది. చివర్లో మనవరాలి మీద ప్రేమ ఆగక, తెర వెనకున్న ఆ పిల్లకు వినపడాలని తన కుట్టునే మెచ్చుకుంది. ఆ ఒక్క మాటా ఎక్కువైంది.

బండి స్టార్టయిన చప్పుడు ఇంతవరకూ వినపడలేదు.

లేచి షట్టరు కింది సందులోంచి చూసింది. ప్రియ కూడా వచ్చి ఆమె భుజం పక్క నుంచి వంగింది. వెనక్కి పొమ్మన్నా పోలేదు.

మోహన్‌కృష్ణ బండి రోడ్డవతల కాశయ్య టీ కొట్టు ముందు, స్టాండు వేసి ఉంది. అవ్వను అక్కడి బల్ల మీద కూర్చోబెట్టాడు. బొంత మూట ఆమె ఒళ్లో ఉంది. టీ గ్లాసు ఊది చల్లార్చి ఆమె చేతికిచ్చాడు. ఆ తర్వాత ఫోను చెవికి పెట్టుకుని, దుకాణం వైపు ఒకసారి చూసి, మాట్లాడుతూ వేపచెట్టు నీడలో అటు నడిచాడు. ఇటు వీపు. ఒక చేత్తో గాల్లో దారి చూపిస్తున్నాడు, అవతలి వాళ్లకు ఇక్కడికి ఎట్లా రావాలో చెబుతున్నట్టు. స్టేషను అన్న మాట ఒక్కటి గాలికి వినిపించింది.

నంద్యాల వైపు నుంచి వచ్చిన రైలు కాసేపటి కిందే ఆగి వెళ్లిపోయింది. స్టేషన్లోంచి మనుషులు సంచులతో, పిల్లలతో నడిచి వస్తున్నారు. వాళ్ల మధ్యలో ఒక కుర్రవాడు, సిమెంటు మరకల ప్యాంటు, ఒక భుజం కొంచెం కిందికి వాల్చి నడుస్తున్నాడు. ప్రియ గోళ్లు ప్రేమకుమారి జబ్బలోకి దిగాయి.

శ్యాంసన్ రేపు రావాలి. పని తొందరగా అయిందో, మేస్త్రీ వదిలేశాడో, పెళ్లాం మీద బెంగ పుట్టిందో, ఈ రోజే వచ్చాడు.

"ఫోన్ చెయ్యి," అంది ప్రేమకుమారి. ప్రియ అప్పటికే చేస్తోంది. రైల్లో బ్యాటరీ అయిపోయినట్టుంది, పలకలేదు. షట్టరు ఎత్తి అరిస్తే మోహన్‌కృష్ణకే ముందు వినపడుతుంది.

శ్యాంసన్ మోహన్‌కృష్ణను చూడలేదు. చెట్టు మాటున వీపు తిప్పి ఉన్న మనిషిని ఎవరు గమనిస్తారు? నేరుగా కాశయ్య కొట్టుకు వచ్చి, ముసలామె పక్కన ఉన్న కాస్త జాగా చూసి, కూర్చోవచ్చా అని అడిగినట్టున్నాడు. ఆమె మూటను ఒళ్లోకి లాక్కుని జరిగి చోటిచ్చింది. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు. అతను ఆమెను ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే పిల్ల గురించి దిగులు పడుతూ, చెరో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

శ్యాంసన్ కాశయ్యతో ఏదో చెప్పి, వేలెత్తి జిరాక్స్ దుకాణం వైపు చూపించాడు. వచ్చినప్పుడల్లా అంతే, ముందు దుకాణంలో ఉన్న ఇద్దరికీ టీలు పంపమని చెప్పి, తర్వాత వస్తాడు.

అవ్వ చేతిలో గ్లాసు ఆగింది. ఆమె ఆ వేలును చూసింది. వాలిన భుజాన్ని చూసింది. తలెత్తి అతని ముఖాన్ని చూసింది. తర్వాత గ్లాసును బల్ల మీద పెట్టి, ఎముకలు తేలిన చెయ్యి చాచి, శ్యాంసన్ మణికట్టును గట్టిగా పట్టుకుంది. పారిపొమ్మని చెప్పడానికి పట్టుకుందో, పోనివ్వకుండా పట్టుకుందో రోడ్డుకివతల నుంచి చూస్తున్న ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

చెట్టు కింద మోహన్‌కృష్ణ ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగాడు.